కోడ్ చరిత్రను బొమ్మలుగా చూడటం: గిట్ రిపాజిటరీ మీద ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం: ప్రశ్న, ముడిసరుకు

మా బృందం నిర్వహిస్తున్న సాఫ్ట్‌వేర్‌కు పదేళ్లు పైబడ్డాయి. మొదట్లో రాసినవాళ్లు ఎప్పుడో వేరే చోట్లకు వెళ్లిపోయారు. కొత్తగా చేరినవాళ్లు ఫలానా మాడ్యూల్ ఇంత చిక్కుగా ఎందుకుందని అడిగితే నోటితో చెప్పగలిగేవాళ్లు లేరు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ అన్న పనిముట్టులో దాచిన కమిట్ల (ఒక్కోసారి నమోదు చేసిన మార్పుల) చరిత్ర ఒక్కటే సాక్ష్యం. ఆ చరిత్రను మొదటి నుంచి చివరి దాకా చదవడం కుదిరే పని కాదు కాబట్టి, దాన్ని బొమ్మలుగా మార్చి చూస్తే సిస్టమ్ ఎక్కడ పెరిగింది, ఎక్కడ కుదురుకుంది, ఎక్కడ పదేపదే తవ్వుతున్నాం అన్న సంగతులు బయటపడతాయా అన్నదే ఈ ప్రాజెక్టు తేల్చవలసిన ప్రశ్న.

సొంత కోడ్‌తో మొదలుపెట్టలేదు. బొమ్మలో ఒక గుట్ట కనిపించినప్పుడు అది నిజంగా జరిగిన మార్పా, మనం కొలిచిన తీరువల్ల పుట్టిన భ్రమా అని తేల్చుకోవాలంటే, ఆ కమిట్ ఎందుకు చేశారో ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. మా రిపాజిటరీలో (కోడ్‌నూ దాని చరిత్రనూ కలిపి దాచే నిల్వలో) 'ఫిక్స్', 'అప్‌డేట్' వంటి ఒంటిమాట సందేశాలే ఎక్కువ. అందుకని సాధన కోసం గిట్ సాఫ్ట్‌వేర్ సొంత రిపాజిటరీని ఎంచుకున్నాం. 2005 ఏప్రిల్ 7న లైనస్ టోర్వాల్డ్స్ చేసిన మొదటి కమిట్‌తో అది మొదలవుతుంది. లినక్స్ కెర్నల్ బృందం కోడ్ మార్పుల నమోదుకు వాడుతున్న బిట్‌కీపర్ అన్న సాఫ్ట్‌వేర్ ఉచిత అనుమతి పోవడంతో హడావుడిగా పుట్టిన పనిముట్టు అది. అదే ఏడాది జూలైలో నిర్వహణ బాధ్యత జూనియో హమానో చేతికి వచ్చింది. అక్కడి కమిట్ సందేశాలు పేరాల కొద్దీ ఉంటాయి, మార్పు ఏమిటన్నదే కాక అది ఎందుకు అవసరమైందో కూడా చెబుతాయి. మన బొమ్మలను సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ కాలంతోపాటు ఎలా మారుతుందన్న అధ్యయనం కొత్తదేమీ కాదు. ఐబీఎం ఓఎస్/360 ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలల లెక్కలను పరిశీలించిన మెయిర్ లేమాన్, లాస్లో బెలాడీ 1970లలోనే ఈ దారి వేశారు: వాడుకలో ఉన్న సిస్టమ్ మారుతూనే ఉండాలి, ప్రత్యేకంగా పని పెట్టుకుని తగ్గించకపోతే దాని సంక్లిష్టత పెరుగుతూనే ఉంటుంది అన్నవి వాళ్లు సూత్రీకరించిన నియమాల్లో మొదటి రెండు. వాళ్లకు దొరికింది విడుదలకు ఒక లెక్క చొప్పున కొన్ని అంకెలు. మనకు ఒక్కో కోడ్ వరుస ఎప్పుడు పుట్టిందో కూడా తెలుసు. సమాచారం ఎక్కువైన కొద్దీ తప్పుదారి పట్టే అవకాశమూ ఎక్కువవుతుందన్న సంగతి రెండో వారానికే అర్థమైంది.

జూన్ రెండో వారం: సమాచారం బయటికి తీయడం

గిట్ లాగ్‌కు నమ్‌స్టాట్ అన్న ఐచ్ఛికం ఇస్తే ప్రతి కమిట్‌లో ఏ ఫైలుకు ఎన్ని వరుసలు చేరాయో, ఎన్ని పోయాయో వస్తుంది. దాన్ని ఒక చిన్న పైథాన్ స్క్రిప్టుతో చదివి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పట్టికల్లోకి ఎక్కించాం. ఇక్కడ శ్రద్ధ పెట్టవలసిన చోట్లు కొన్ని ఉన్నాయి. బైనరీ ఫైళ్లకు అంకెల బదులు అడ్డగీతలు వస్తాయి. పేరు మారిన ఫైలు ఉంటే పాత పేరు, బాణం గుర్తు, కొత్త పేరు ఒకే గడిలో కలిసి వస్తాయి. డైరెక్టరీ పేర్లలో కొంత భాగం ఉమ్మడిగా ఉంటే మీసాల బ్రాకెట్లు కూడా తోడవుతాయి. చిన్న 'జెడ్' ఐచ్ఛికం జతచేస్తే రెండు పేర్లూ విడివిడిగా, సున్నా బైట్‌తో వేరుచేసి ఇస్తుంది కనుక దాన్నే వాడటం మేలు.

తేదీల విషయంలో ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. ప్రతి కమిట్‌కూ రెండు తేదీలుంటాయి: రచయిత మార్పును రాసిన తేదీ ఒకటి, అది రిపాజిటరీలో నమోదైన తేదీ మరొకటి. గిట్ ప్రాజెక్టులో ప్యాచ్‌లు (ప్రతిపాదించిన మార్పులు) ఈమెయిల్‌లో వస్తాయి. చర్చ జరిగి, సవరణలయ్యాక నిర్వాహకుడు వాటిని ఒక టాపిక్ బ్రాంచ్‌లోకి (ఆ ఒక్క పనికి విడిగా నడిచే చరిత్ర శాఖలోకి) చేర్చి, ఆ తర్వాతే ప్రధాన బ్రాంచ్‌లో కలుపుతాడు. కాబట్టి రచయిత తేదీని బట్టి గ్రాఫ్ గీస్తే ఆలోచన ఎప్పుడు పుట్టిందో కనిపిస్తుంది, మొదటి పేరెంట్ గొలుసును (ప్రధాన బ్రాంచ్‌లో ఒకదాని ముందొకటిగా ఉన్న కమిట్లను) మాత్రమే పట్టుకుని మెర్జ్ తేదీని (బ్రాంచ్ అందులో కలిసిన తేదీని) బట్టి గీస్తే అది వాడేవాళ్ల దగ్గరకు ఎప్పుడు చేరిందో కనిపిస్తుంది. సిస్టమ్ మారిన తీరును చూపడానికి రెండోదే సరైనదని నిర్ణయించాం. మొదటిది పని తీరును చూపుతుంది, అది వేరే ప్రశ్న.

టైమ్ జోన్ కూడా చిన్న విషయం కాదు. ఆ మొదటి కమిట్ అమెరికా పశ్చిమ తీరపు సమయం ప్రకారం మధ్యాహ్నం 3:13కి నమోదైంది. భారత సమయానికి మార్చితే ఏప్రిల్ 8 తెల్లవారుజామున 3:43 అవుతుంది. అంటే నా ల్యాప్‌టాప్‌లో స్థానిక సమయంతో గ్రాఫ్ గీస్తే ప్రాజెక్టు పుట్టినరోజే మారిపోతుంది. అన్ని తేదీలనూ యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మార్చి నిల్వ చేస్తున్నాం.

ఈ రిపాజిటరీకి ఒక్క మొదలు కాదు, అనేక మొదళ్లున్నాయి. గిట్‌కే, గిట్‌వెబ్, గిట్ గుయ్ అన్న అనుబంధ పనిముట్లు మొదట వేరే చరిత్రలుగా పుట్టి తర్వాత ఇందులో కలిశాయి. పేరెంట్ లేని కమిట్ ఒక్కటే ఉంటుందని నమ్ముకుని రాసిన ఏ లెక్కా ఇక్కడ నిలవదు. మనుషుల వారీ గ్రాఫ్ మాత్రం ఒక్కటీ గీయలేదు, గీయబోము. ఎవరు ఎన్ని వరుసలు రాశారన్న బొమ్మ ఏ ఉద్దేశంతో గీసినా ఏడాది చివర జీతాల సమీక్షలో తేలుతుంది.

జూన్ చివర: వరుసల లెక్క అబద్ధం చెప్పే చోట్లు

మొదటి గ్రాఫ్ అందరూ గీసేదే. అడ్డంగా కాలం, నిలువుగా వరుసల సంఖ్య, డైరెక్టరీకో రంగు. ఎడమ నుంచి కుడికి నిరాఘాటంగా ఎక్కుతున్న కొండలా వచ్చింది, చూడటానికి బాగుంది, చెప్పింది మాత్రం దాదాపు ఏమీ లేదు. అందులోని పెద్ద పొరల్ని ఒక్కొక్కటిగా ఒలిచి చూస్తే కారణాలు తెలిశాయి.

మొదటి పొర అనువాదాలు. 'పీఓ' డైరెక్టరీలో ఒక్కో భాషకు ఒక్కో పెద్ద ఫైలు ఉంటుంది. వాటిలో అసలు సందేశం, దాని అనువాదంతోపాటు ఆ సందేశం సోర్స్‌లో ఎక్కడుందో చెప్పే వరుస సంఖ్యలూ ఉండటంతో, ప్రోగ్రామ్‌లో నాలుగు వరుసలు జరిగినా అక్కడ వేల వరుసలు మారినట్టు లెక్కకొచ్చేది. మార్పుల సంఖ్యను బట్టి 'వేడి' ఫైళ్లను వెతికే ఏ పద్ధతైనా ఇక్కడ ముందుగా అనువాద ఫైళ్లనే పట్టుకుంటుంది. రెండో పొర పరీక్షలు. 'టి' డైరెక్టరీ నిండా షెల్ స్క్రిప్టులే (కమాండ్ లైన్ ఆదేశాలతో రాసిన ప్రోగ్రాములే) కనుక, భాషల వారీగా గీస్తే గిట్ సగం షెల్‌లో రాసిన సాఫ్ట్‌వేర్‌లా కనిపిస్తుంది.

మూడోది మరీ ఆసక్తికరం. మొదటి ఏళ్లలో గిట్ ఆదేశాల్లో చాలావాటిని షెల్‌లో రాశారు. 2007, 2008 ప్రాంతంలో కమిట్, ఫెచ్, చెకౌట్, క్లోన్, మెర్జ్ వంటివి ఒక్కొక్కటిగా సి భాషలోకి మారాయి. గ్రాఫ్‌లో ఆ కాలంలో షెల్ పొర సన్నబడాలి. సన్నబడలేదు. ఎందుకంటే పాత స్క్రిప్టులను తొలగించకుండా, నేర్చుకునేవాళ్లకు ఉదాహరణలుగా ఉంటాయని 'కాంట్రిబ్/ఎగ్జాంపుల్స్' అన్న డైరెక్టరీలోకి తరలించారు. ఎవరూ నడపని కోడ్ పదేళ్లు లెక్కలో సజీవంగా కొనసాగి, 2018లో ఆ డైరెక్టరీని ఖాళీ చేసినప్పుడు మాత్రమే నిట్టనిలువు పతనంగా కనిపించింది. 2018లో ఏదో పెద్ద పునర్రచన జరిగిందని ఈ గ్రాఫ్ చూసి అనుకుంటే పదేళ్ల తేడాతో పొరపడినట్టే.

అందుకని ప్రతి ఫైలుకూ ఒక పాత్రను నిర్ణయించే పట్టిక తయారు చేశాం: నడిచే కోడ్, పరీక్ష, పత్రం, అనువాదం, బయటి నుంచి తెచ్చిపెట్టుకున్న కోడ్, అటకెక్కించిన కోడ్. బయటి కోడ్‌కు 'ఎక్స్‌డిఫ్' డైరెక్టరీ మంచి ఉదాహరణ. 2006లో మరో లైబ్రరీ నుంచి అది ఒక్కసారిగా వచ్చి చేరింది, ఆ రోజున ప్రాజెక్టు 'పెరగలేదు'. ఈ పట్టికను యంత్రం చేత చేయించే ప్రయత్నం చేయలేదు. డైరెక్టరీల పేర్లు చూసి, అనుమానమున్న చోట కమిట్ సందేశం చదివి చేత్తోనే నింపాం, ఆ శ్రమ దండగ కాలేదు.

జూలై మొదటి వారం: ఫైలు అంటే పేరు కాదు

ఈ వారం గోడ మీద పెట్టిన బొమ్మలో ప్రతి ఫైలూ ఒక అడ్డగీత: పుట్టిన చోట మొదలై, పోయిన చోట ఆగుతుంది. పేరును బట్టే ఫైలును గుర్తిస్తే ఏం కనిపిస్తుందో చూడాలని కావాలనే అలా గీశాం. 2010 ఫిబ్రవరి దగ్గర 'బిల్టిన్' అన్న మాటతో మొదలయ్యే గీతలన్నీ ఒక్కసారిగా తెగిపోయి, అదే చోట అన్నే కొత్త గీతలు పుట్టాయి. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి అది చూసి, "ఆ నెల అందరూ కలిసి మళ్లీ మొదటి నుంచి రాశారా అండీ?" అని అడిగింది. బొమ్మ అడగమన్న ప్రశ్న అదే మరి.

నిజానికి జరిగింది స్థానచలనం. 'బిల్టిన్-యాడ్.సి', 'బిల్టిన్-లాగ్.సి' వంటి ఫైళ్లన్నీ మొదట పై స్థాయి డైరెక్టరీలోనే ఉండేవి. వాటిని 'బిల్టిన్' అన్న ఉపడైరెక్టరీలోకి మార్చిన కమిట్ టోర్వాల్డ్స్‌దే. ఆయన చెప్పిన కారణం చాలా సాదాది: మొదటి నాలుగక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే పేర్ల చాంతాడంత జాబితా తెరమీదికి వచ్చేది. ప్రోగ్రామ్ చేసే పనిలో తేడా లేదు, చరిత్ర బొమ్మలో మాత్రం అదొక ప్రళయం.

గిట్ తన నిల్వలో ఫైలు పేరు మారిందన్న సంగతిని రాసుకోదు. పాత స్థితినీ కొత్త స్థితినీ పోల్చి, పోయిన ఫైలుకూ వచ్చిన ఫైలుకూ మధ్య పోలిక సగానికి తగ్గకుండా ఉంటే పేరు మారినట్టు అప్పటికప్పుడు ఊహిస్తుంది. ఆ యాభై శాతాన్ని మనం మార్చుకోవచ్చు. ఈ ఊహ మీద ఆధారపడే మేము ప్రతి ఫైలుకూ పేరుతో సంబంధం లేని ఒక స్థిర సంఖ్య ఇచ్చి, పేరు మారిన ప్రతిసారీ కొత్త పేరును ఆ సంఖ్య కిందే నమోదు చేస్తున్నాం. దానితో గీతలన్నీ 2010 దగ్గర తెగిన గోడలాంటి హద్దు మాయమైంది. గీతలు అటు నుంచి ఇటు సాఫీగా సాగాయి, తరలింపు జరిగిన చోట ఒక చిన్న చుక్క మాత్రం ఉంచాం.

ఇలాంటి గోడ మరొకటి 2025 మొదట్లో ఉంది. పత్రాల ఫైళ్లు చాలావాటికి 'టెక్స్ట్' అన్న తోకను తీసేసి 'ఏడాక్' తోక తగిలించారు. మరో ఫైలు కథ ఇంకా పొడుగు: గిట్ ఆబ్జెక్టుల (అది దాచే డేటా ముక్కల) నిల్వను చూసుకునే 'షావన్_ఫైల్.సి' 2018లో అండర్‌స్కోర్ పోయి అడ్డగీత తెచ్చుకుంది, 2021లో 'ఆబ్జెక్ట్-ఫైల్.సి' అయింది. పేరును బట్టి వెతికితే ఇవి మూడు అనాథ ఫైళ్లు. సంఖ్యను బట్టి వెతికితే 2005 నుంచి ఒక్కటే.

అయితే ఒక ఫైలు రెండుగా చీలితే ఏం చేయాలి? ఫైలు స్థాయిలో దీనికి సరైన జవాబు లేదు. పెద్ద ముక్కకు పాత సంఖ్య, చిన్న ముక్కకు కొత్త సంఖ్య అని ఒక నియమం పెట్టుకున్నాం. అసలు సమాధానం వరుసల స్థాయిలో వెతకాలి.

జూలై మధ్య: చోటు నిలకడగా ఉండాలి

ప్రాజెక్టు మొత్తాన్ని ఒక చతురస్రంలో చూపే ట్రీమ్యాప్‌తో ప్రయోగాలు. బెన్ ష్నైడర్‌మన్ 1990ల మొదట్లో తెచ్చిన ఈ పద్ధతిలో డైరెక్టరీ ఒక పెట్టె, దానిలోని ఫైళ్లు చిన్న పెట్టెలు, వైశాల్యం ఫైలు పరిమాణానికి కొలత. 2000లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రతిపాదించిన మెరుగైన అమరికలో పెట్టెలు చతురస్రానికి దగ్గరగా వస్తాయి కనుక ఒక్క క్షణపు స్థితిని చూడటానికి అది హాయిగా ఉంటుంది. కాలంతోపాటు మారే స్థితికి మాత్రం అదే శత్రువు. అమరిక పెట్టెల పరిమాణాల వరుసక్రమం మీద ఆధారపడుతుంది కాబట్టి, ఒక్క ఫైలు పక్కదాన్ని దాటి కాస్త పెరిగినా మిగతా పెట్టెలన్నీ తావులు మార్చుకుంటాయి. పండగకు సర్దిన వంటింట్లో ఉప్పు డబ్బా వెతుక్కున్నట్టు, ప్రతి విడుదలకూ మళ్లీ మొదటి నుంచి చూపు అలవాటు చేసుకోవాలి.

పరిష్కారంగా చరిత్ర మొత్తంలో ఎప్పుడైనా ఉన్న ఫైళ్లన్నిటినీ కలిపి, ఒక్కోదాని గరిష్ఠ పరిమాణాన్ని బట్టి అమరికను ఒక్కసారే నిర్ణయించాం. ఆ తర్వాత ఏ విడుదలను చూపినా పెట్టె కదలదు. ఫైలు ఇంకా పుట్టకపోతే ఆ చోటు ఖాళీ, పోతే బూడిదరంగు. స్థలం వృథా అవుతుంది, కంటికి మాత్రం 'ఈ మూల ఎప్పుడూ ఎర్రగానే ఉంటోంది' అన్న జ్ఞాపకం ఏర్పడుతుంది, అదే మాకు కావలసింది. కాలం గీత మీద కూడా నెలల బదులు విడుదలలనే పెట్టాం. గిట్‌లో విడుదలకు ముందు పరీక్షా విడుదలల దశలో మార్పులు సన్నగిల్లి, విడుదల కాగానే పోగుపడ్డ బ్రాంచ్‌లు ఒక్కసారిగా కలుస్తాయి కాబట్టి, నెలల గీత మీద కనిపించే ఎత్తుపల్లాల్లో చాలా భాగం ఆ లయే తప్ప కోడ్ గురించిన సంగతి కాదు.

కోడ్‌ను నగరంగా, క్లాసులను భవనాలుగా చూపే పద్ధతిని రిచర్డ్ వెట్టెల్, మిషెల్ లాంజా ప్రచారంలోకి తెచ్చారు. చిన్న నమూనాతో చూసి పక్కన పెట్టాం: ముందున్న ఎత్తైన భవనం వెనకున్నదాన్ని కప్పేస్తుంది, తెర తిప్పితే తప్ప పోలిక సాధ్యం కాదు. చెట్టు కొమ్మల చుట్టూ మనుషులు ఎగురుతూ కనిపించే గోర్స్ యానిమేషన్ సమావేశాల్లో అందరినీ ఆకట్టుకుంది, ఏ ప్రశ్నకూ జవాబు మాత్రం ఇవ్వలేదు.

జూలై చివర: వరుసల వయసు

ఈ వారంలో జరిగిన పనే ప్రాజెక్టుకు గుండెకాయ. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ ఐక్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన సీసాఫ్ట్ అన్న పనిముట్టులో ఒక్కో కోడ్ వరుస ఒక సన్నని రంగు గీత. వరుస వయసును బట్టి రంగు. అప్పటి తెరల మీదే ఒకేసారి 50,000 వరుసల దాకా చూపగలిగింది. ఆ ఆలోచనను కాలానికి అన్వయిస్తే వచ్చేది తరాల గ్రాఫ్: ప్రతి విడుదల దగ్గరా ఆగి, ఆనాటి కోడ్‌లో ఏ ఏడాది పుట్టిన వరుసలు ఎన్ని మిగిలాయో పొరలుగా పేర్చడం. ఎరిక్ బెర్న్‌హార్డ్‌సన్ 2016లో విడుదల చేసిన గిట్ ఆఫ్ థీసియస్ ఇదే చేస్తుంది. మా అవసరానికి పాత్రల పట్టికను, ఫైలు సంఖ్యలను కలపాల్సి ఉంది కనుక సొంతంగా రాసుకున్నాం.

ప్రతి వరుస పుట్టుకనూ చెప్పేది బ్లేమ్ ఆదేశం. ఫైలు మొత్తం పేరు మారితే అది తనంతట తానే వెనక్కి వెతుక్కుంటూ వెళుతుంది, కాబట్టి 2010 తరలింపు ఇక్కడ సమస్య కాదు. చీలిక మాత్రం సమస్యే. 2017లో 'షావన్_ఫైల్.సి'లోని ప్యాక్ ఫైళ్ల (ఆబ్జెక్టులను కుదించి కలిపి దాచే ఫైళ్ల) పనులన్నిటినీ 'ప్యాక్‌ఫైల్.సి' అన్న కొత్త ఫైలులోకి, ఫంక్షన్ తర్వాత ఫంక్షన్‌గా, వరుస కమిట్లలో తరలించారు. మామూలు బ్లేమ్ ఆ ఫైలంతా 2017లో పుట్టిందనే చెబుతుంది. పెద్దక్షరపు 'సి' ఐచ్ఛికం ఇస్తే, అదే కమిట్‌లో మారిన ఇతర ఫైళ్లలో కూడా ఆ వరుసల కోసం వెతుకుతుంది. ఆ కమిట్లన్నీ రెండు ఫైళ్లనూ కలిపి మార్చినవే కాబట్టి ఈ వెతుకులాట ఫలించి, చాలా వరుసలు తమ అసలు ఏళ్లకు తిరిగి వెళ్లాయి. తరాల గ్రాఫ్‌లో 2017 పొర సన్నబడింది.

ఇక్కడ ఒక పరిమితిని గుర్తుపెట్టుకోవాలి. వేరే ఫైలు నుంచి వచ్చిన ముక్కలో కనీసం 40 అక్షరాలు, అంకెలు ఉంటేనే బ్లేమ్ దాన్ని తరలింపుగా ఒప్పుకుంటుంది. అదే ఫైలులో చోటు మారితే 20 చాలు. ఉత్త మూత బ్రాకెట్ ఉన్న వరుస ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి ఈ హద్దు న్యాయమే. కానీ విడివిడిగా తరలిన రెండు మూడు వరుసల చిన్న ఫంక్షన్లు కూడా దీనివల్ల తమ వయసు కోల్పోతాయి. హద్దును తగ్గించి చూస్తే సంబంధం లేని వరుసలు బంధువులయ్యాయి. 40నే ఉంచాం.

కొన్ని మార్పులు తరాల గ్రాఫ్‌లో మచ్చలా కాక, పలచని పొగలా ఏళ్ల తరబడి వ్యాపిస్తాయి. 2015లో ప్రవేశపెట్టిన 'ఆబ్జెక్ట్ ఐడీ' స్ట్రక్చర్ అలాంటిది. అప్పటిదాకా ఆబ్జెక్టు గుర్తింపును 20 బైట్ల శ్రేణిగా, ఆ సంఖ్యను ఎక్కడికక్కడ రాసేసి వాడేవారు. ఇంకా పొడవైన గుర్తింపులిచ్చే షా-256 పద్ధతికి దారి తీయాలంటే ఆ 20 ఒక్కచోట కూడా మిగలకూడదు. దాన్ని తొలగించే పని ఏళ్ల పాటు సాగి, 2020లో 2.29 విడుదలతో షా-256 ప్రయోగాత్మకంగా అందుబాటులోకి వచ్చింది. ఫైలు ఫైలునా ఆ ఏళ్ల రంగు గీతలు చిలకరించినట్టు కనిపిస్తాయి. ఏ ఒక్క ఫైలునూ చూసి ఈ కథ చెప్పలేం, అన్నిటినీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. బొమ్మ ఎందుకు గీయాలన్న ప్రశ్నకు నాకు దొరికిన గట్టి సమాధానం ఇదే.

ఖర్చు గురించి: ప్రతి విడుదల దగ్గరా ప్రతి ఫైలుకూ బ్లేమ్ నడపడం రాత్రంతా సాగే పని. రెండు విడుదలల మధ్య ఫైలు బ్లాబ్ గుర్తింపు (ఫైలులోని విషయాన్ని బట్టి గిట్ ఇచ్చే గుర్తింపు) మారకపోతే పాత ఫలితాన్నే తిరిగి వాడేలా చేశాక అది భరించగలిగే స్థాయికి వచ్చింది.

ఆగస్టు మొదటి వారం: కలిసి మారేవి

ఏ రెండు ఫైళ్లు ఒకే కమిట్‌లో తరచూ మారుతున్నాయో చూపే మాత్రిక. మొదట తేలిన జంటలు పనికొచ్చేవి కావు: విడుదల గమనికల ఫైలు, వెర్షన్ సంఖ్యను తయారుచేసే స్క్రిప్టు ఎప్పుడూ జోడుగా ఉంటాయి, అది విడుదల చేసే తంతు. 2020 నవంబరులో డిఫాల్ట్ బ్రాంచ్ పేరు 'మాస్టర్' కాక 'మెయిన్' అయినా పరీక్షలు నడిచేలా సవరించినప్పుడు వందల పరీక్ష ఫైళ్లు గుంపులుగా మారాయి కనుక, వాటన్నిటి మధ్యా బంధుత్వం పుట్టుకొచ్చింది. మరీ ఎక్కువ ఫైళ్లను తాకిన కమిట్లను ఈ లెక్క నుంచి మినహాయించాం.

జల్లెడ పట్టాక మిగిలింది విలువైనది. ఒక కొత్త ఆదేశాన్ని చేర్చాలంటే ఏయే ఫైళ్లు ముట్టుకోవాలో మాత్రికే చెబుతోంది: 'బిల్టిన్' డైరెక్టరీలో కొత్త ఫైలు, 'బిల్టిన్.హెచ్', 'గిట్.సి', మేక్‌ఫైల్ (కంపైల్ చేసే సూచనల ఫైలు), ఆదేశాల జాబితా, పత్రం, విస్మరించే ఫైళ్ల జాబితా. పైగా 2025 జనవరిలో వచ్చిన 2.48 విడుదల నుంచి మేక్‌ఫైల్ పక్కన అదే పని చేసే మీసన్ బిల్డ్ ఫైలు కూడా కనిపించడం మొదలైంది. మా రిపాజిటరీలో ఇలాంటి చెప్పని ఒప్పందాలే కొత్తవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడతాయి, కాబట్టి ఈ మాత్రిక అక్కడ తప్పక ఉపయోగపడుతుంది.

ఆగస్టు రెండో వారం: తెలుగు లేబుళ్లు

బొమ్మల మీది రాతలు తెలుగులో ఉండాలన్నది మా పట్టుదల. మ్యాట్‌ప్లాట్‌లిబ్ అన్న పైథాన్ గ్రాఫ్ లైబ్రరీ గీసిన చిత్రాల్లో 'కాంట్రిబ్'లోని వత్తు పక్కకు జారింది, 'స్క్రిప్టు' ముక్కలైంది. అక్షరాలను కలిపి కూర్చే పని మేము వాడే వెర్షన్‌లో జరగడం లేదు. ఎస్‌వీజీ చిత్రంగా ఎగుమతి చేస్తూ, రాతలను గీతలుగా మార్చకుండా రాతలుగానే ఉంచమనే అమరిక పెట్టాక, బ్రౌజర్ తన సొంత కూర్పుతో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌లో సరిగ్గా చూపింది. రంగులకు విరిడిస్ అన్న రంగుల క్రమం వాడుతున్నాం: ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికీ, నలుపు తెలుపులో అచ్చు తీసినా వయసు తేడా తెలుస్తుంది.

ఆగస్టు చివర: ఒక్క ఫైలు, దగ్గరగా

పద్ధతులన్నిటినీ ఒకే ఫైలు మీద పరీక్షించడానికి 'క్యాష్.హెచ్' అన్న హెడర్‌ను (ఇతర ఫైళ్లు చేర్చుకునే ప్రకటనల ఫైలును) తీసుకున్నాం. మొదటి కమిట్‌లోని 11 ఫైళ్లలో అదొకటి. ఆ కమిట్ మొత్తం 1,244 వరుసలైతే ఇందులో 93. ఆ తర్వాత దాదాపు ప్రతి సి ఫైలూ దీన్ని చేర్చుకోవడం మొదలైంది, ఎవరికి ఏ ప్రకటన పెట్టడానికి చోటు తోచకపోయినా ఇక్కడే పెట్టారు, వరుసలు వెయ్యిన్నర దాటాయి. ట్రీమ్యాప్‌లో ఇది చిన్న పెట్టె, పరిమాణాన్ని మాత్రమే చూసేవారి కంటికి ఆనదు. కలిసి మారే ఫైళ్ల మాత్రికలో మాత్రం దీని అడ్డువరుస ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండి ఉంది. ఇందులో ఒక్క వరుస మారితే ప్రాజెక్టు దాదాపు మొత్తం మళ్లీ కంపైల్ కావలసిందే.

2023లో దాని గీత ముగుస్తుంది. ఫైలు గీతల బొమ్మ చెప్పేది అంతే, 'చనిపోయింది' అని. తరాల బొమ్మలో అదే సంవత్సరం వేరే దృశ్యం ఉంది: చిన్న చిన్న కొత్త హెడర్లు పుట్టాయి, వాటిలోని రంగులు మాత్రం పాతవి. నెలల తరబడి, విషయం వారీగా ప్రకటనలను వేరే హెడర్లలోకి తరలించుకుంటూ పోయి, అంతా ఖాళీ అయ్యాక ఫైలును తొలగించారు. 2.42 విడుదలలో 'క్యాష్.హెచ్' లేదు.

ఆ 93 వరుసల్లో ఏవైనా మిగిలాయా అని వెతికితే, ఇండెక్స్ ఫైలు (తర్వాతి కమిట్‌కు సిద్ధం చేసిన ఫైళ్ల జాబితా) సంతకాన్ని, అంటే దాని రకాన్ని గుర్తుపట్టే మొదటి బైట్లను నిర్వచించే వరుస 'రీడ్-క్యాష్-ఎల్ఎల్.హెచ్' అన్న ఫైలులో కనిపించింది. పదహారు ఆధార సంఖ్యామానంలో 44495243, పక్కనే వ్యాఖ్యగా 'డి ఐ ఆర్ సి' అన్న నాలుగక్షరాలు. పెద్ద 'సి' ఐచ్ఛికంతో బ్లేమ్ నడిపితే 2005 ఏప్రిల్ 7 చూపిస్తుంది, అది లేకుండా నడిపితే 2023 చూపిస్తుంది. ఏ గిట్ రిపాజిటరీలోనైనా దాచి ఉన్న డైరెక్టరీలోని ఇండెక్స్ ఫైలును హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి నాలుగు బైట్లు అవే. వరుస అలా నిలబడటానికి కారణం అందులోని నైపుణ్యం కాదు. దాన్ని మారిస్తే ఇప్పటికే ఉన్న ఇండెక్స్ ఫైళ్లను ఆ ప్రోగ్రామ్ చదవలేదు. పాత వరుసలన్నీ మంచి వరుసలని తరాల గ్రాఫ్ చూసి అనుకోకూడదని బృందానికి చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ సరిపోయింది.

సెప్టెంబరు: మా సొంత కోడ్ వైపు

ఇక ఈ పనిముట్లను మా రిపాజిటరీ మీదికి తీసుకెళ్లాలి. అక్కడ మొదటి అడ్డంకి ఇప్పటికే తెలుసు: కొన్నేళ్ల కిందట కోడ్ ఆకృతిని సరిచేసే పనిముట్టును మొత్తం ఫైళ్ల మీద ఒకేసారి నడిపిన కమిట్ ఒకటి ఉంది. బ్లేమ్ దృష్టిలో దాదాపు ప్రతి వరుసా ఆ రోజే పుట్టింది. ఖాళీల తేడాలను పట్టించుకోవద్దన్న ఐచ్ఛికం కొంత సాయం చేస్తుంది గానీ, విరిగి రెండైన వరుసలకు అది చాలదు. 2019లో 2.23 విడుదలతో వచ్చిన సదుపాయం ప్రకారం, విస్మరించవలసిన కమిట్ల గుర్తింపులను ఒక ఫైలులో రాసి ఇస్తే బ్లేమ్ వాటిని దాటి వెనక్కి వెళుతుంది. ఆ జాబితా తయారీతోనే పని మొదలవుతుంది.

పాత్రల పట్టిక ముసాయిదా సిద్ధమైంది. మా దగ్గర 'అటకెక్కించిన కోడ్' వర్గం కిందికి అనుకున్నదానికంటే ఎక్కువ డైరెక్టరీలే వచ్చాయి. వాటిలో రెండింటిని ఇంకా ఎవరో వాడుతున్నారని ఉత్పత్తి సర్వర్ లాగులు చెబుతున్నాయి. గ్రాఫ్ గీయడానికి ముందు వాళ్లెవరో కనుక్కోవాలి.